మంగళారం పిండి

మా పెళ్ళయిన నలభై మూడో రోజున అత్తమ్మ క్యారల్స్‌కి రానని చెప్పింది.

రోజులు లెక్కపెట్టడం అప్పట్లో నాకొక పిచ్చి. పొద్దున లేవగానే "ఈ రోజు నలభై మూడు" అని రూఫస్‌కి చెప్పేదాన్ని. నోట్లో బ్రష్షుతోనే చెయ్యి చాపి కరచాలనం చేసేవాడు. ఆ రోజంతా నడవడానికి నాకది చాలు.

అది నవంబరు ఆఖరి ఆదివారం. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వస్తే, రొయ్యల గుంటల మధ్య ఉంటుంది మా ఊరు. ఆరాధన అయ్యాక చర్చి వరండాలో మా మామయ్య జకరయ్య గారు, ఏ సాయంత్రం ఏ ఇంటికి పాటలకి వెళ్ళాలో కాగితం చూసి చదివారు. చదివి, "ఎలిశబెతూ, డిసెంబరు పదిహేడు నుంచి మొదలు. గొంతు చూసుకో" అన్నారు.

అత్తమ్మ కొంగు సర్దుకుంది. "ఈ ఏడు నేను రాను. మీరే ఎత్తుకోండి పాట."

వరండాలో అందరూ మామయ్య వైపు తిరిగారు.

మా ఊళ్ళో పాట ఎత్తడమంటే ఊరికే కాదు. ఇంటింటికీ తిరిగేటప్పుడు హార్మోనియం ఉండదు, ఒక్క డోలక్ ఉంటుంది. ఒకళ్ళు మొదటి ముక్కని సరైన శ్రుతిలో అందుకుంటేనే మిగతావాళ్ళు దాన్ని పట్టుకుని ఎక్కగలరు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మొదటి ముక్క అత్తమ్మది. ఒక ఏడు ఆమె జ్వరంతో పడుకుంటే మామయ్య ఎత్తారట. ఎంత పైకి ఎత్తారంటే రెండో చరణానికి ఆడవాళ్ళంతా నోళ్ళు మూసుకున్నారని, కుక్కలు మాత్రం ఆఖరిదాకా పాడాయని రూఫస్ చెప్పాడు.

ఇంటికొచ్చాక రూఫస్ అడిగాడు. "ఎందుకు రావు మా?"

"పోయిన ఏడు జరిగింది చాలదా?"

పోయిన ఏడు నేనింకా నెల్లూరులో మా అమ్మావాళ్ళింట్లో ఉన్నాను. కాబట్టి నాకు విడమరిచి చెప్పారు. రెండేళ్ళ కిందట డాక్టరు పరీక్షలు చేసి అత్తమ్మకి గోధుమ పడదని తేల్చాడు. సీలియాక్ అంటారు. రవ్వంత గోధుమ లోపలికి పోయినా పేగు ఒరుసుకుపోతుంది. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, పేర్లు వేరైనా అన్నీ ఆ వంశమే. నెల్లూరోళ్ళకి గోధుమ లేకపోతే ఏం లోటు, మూడు పూటలా అన్నమే కదా అన్నారంతా. నిజమే, పదకొండు నెలలు ఏ లోటూ లేదు. డిసెంబరుతోనే చిక్కు. పాటలకి వెళ్ళిన ప్రతి ఇంట్లో కేకు, బిస్కెట్లు. ప్రభువు బల్ల దగ్గర పాస్టరు గారు ఆమెకి రొట్టె లేకుండా ద్రాక్షరసం మాత్రమే ఇస్తారు, దానికెవరూ ఏమీ అనరు. కేకు వద్దంటేనే అంటారు.

అన్నది చర్చి పక్కింటి ఎవాంజెలిన్ గారు. ముప్పై మంది ముందు, పళ్ళెం చేతిలో పట్టుకుని, "మా కేకు పడదు గానీ నెల్లూరు హోటల్లో దోసె పడుద్ది గదా వదినా నీకు" అందట. దోసెలో గోధుమ ఉండదని ఆ పూట ఆమెకి ఎవరు చెప్పగలరు?

"వాళ్ళ చేతిది ఒక్క ముక్క నోట్లో పెట్టుకోకుండా పాడేసి రావాల," అంది అత్తమ్మ నాతో. "పన్నెండిళ్ళు. పన్నెండుసార్లు. ఆ మొహాలు చూసేది నేను గదా, నవోమీ."

ఆమె మామూలుగానే చెప్పింది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. నాకు మాత్రం ఆ ఇంట్లో మొట్టమొదటిసారి ఒక పని దొరికినట్టనిపించింది.

నా డిగ్రీ స్నేహితురాళ్ళు ఐదుగురు కలిసి పెళ్ళికి ఒక వొవెన్ ఇచ్చారు. అప్పటిదాకా దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటున్నాం. ఫోన్‌లో ఎప్పుడో దాచుకున్న బొమ్మ ఒకటుంది: రెండు మూడు రంగుల పిండి పొరలు చాపలా చుట్టి, అడ్డంగా కోసి కాల్చిన బిస్కెట్లు. ఒక్కొక్కటి తిరిగే చక్రంలా ఉంటుంది. వాటిని గోధుమ లేకుండా చేసి అత్తమ్మ సంచిలో పెడితే, ఏ ఇంట్లోనైనా అందరితో పాటు ఆమె కూడా ఏదో ఒకటి తింటుంది. నా ఆలోచన అంతే.

బీట్‌రూట్ రసంతో గులాబి రంగు. కంచె మీద శంఖుపూలు కోసి మరిగిస్తే నీలం. మిగిలింది తెలుపు.

"కంచె మీద పూలా?" అన్నారు మామయ్య. "ఆవులు కూడా ముట్టవే వాటిని."

"మీరు ముడతారు చూడండి మామయ్యా."

నెల్లూరు నుంచి ప్యాకెట్ బియ్యప్పిండి తెప్పించాను, వెన్న, చక్కెర పొడి కలిపాను. చుట్టబోతే ఎండిన చెరువు నేలలా బీటలిచ్చింది. ఎలాగో ముక్కలు కోసి కాల్చాను. పళ్ళెంలోంచి తీస్తే చక్రాలు లేవు, రంగు రంగుల ఇసుక ఉంది.

రూఫస్‌ది గుంటల్లో నీళ్ళు పరీక్ష చేసే పని. ఉప్పెంతుంది, గాలెంతుంది అని రోజంతా చూస్తాడు. ఆ ఇసుక చిటికెడు నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పు సరిపోయింది."

"అది తీపి బిస్కెట్టు."

"అయితే ఒక స్పూను ఇవ్వు. పళ్ళెమంతా తింటా."

తిన్నాడు కూడా. పెళ్ళయిన కొత్తలో మగవాళ్ళు చేసే త్యాగాలు ఇలాంటివే.

రెండోసారి కూడా బీటలిస్తున్నప్పుడు అత్తమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. చేతులు కట్టుకుని చాలాసేపు ఓర్చుకుంది. ఇక ఆమె వల్ల కాలేదు.

"పొడి పిండి ఎట్ట నిలబడుద్ది మే? అరిసెలు పొడి పిండితో చేస్తామా? బియ్యం నానబెట్టి, వార్చి, ఆ తడి మీదనే ఆడించాల. ఇంకోటి, గోధుమలో ఉండే ఆ బంక నాకు పడదంటివి. బంక తీసేసినాక బదులు ఏమన్నా పోయ్యాలా వద్దా? సగ్గుబియ్యం ఉడకెయ్యి. ఆ గంజి పొయ్యి."

మైక్రోబయాలజీలో డిగ్రీ చేసిన నేను గ్లూటెన్ గురించి అంతకుముందు రోజే ఆమెకి అరగంట ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. ఆమె దాన్ని బంక అనే ఒక్క మాటలో ముగించి, పొయ్యి మీద గిన్నె పెట్టేసింది.

మర్నాడు నానబెట్టిన బియ్యం డబ్బా స్కూటీ ముందు పెట్టుకుని ముత్యాలయ్య పిండి మరకి వెళ్ళాను. కొత్త కోడలు స్వయంగా పిండికి వచ్చిందని అందరూ తప్పుకుని ముందుకి పొమ్మన్నారు. నేను ఎంతో మర్యాదగా వద్దని వరసలోనే నిలబడ్డాను.

ఈసారి పిండి చేతికి మెత్తగా, కాస్త చల్లగా తగిలింది. అత్తమ్మ పాల కవర్లు కడిగి కోసి పరిచింది. వాటి మధ్య పెట్టి ఒత్తితే గులాబి పొర, నీలం పొర, తెల్ల పొర ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. చుట్టింది. బీట లేదు. కత్తి పెట్టబోతే నా చెయ్యి మీద ఒకటి వేసి, కుట్టుమిషను డబ్బాలోంచి దారం తెచ్చి, చుట్ట చుట్టూ తిప్పి లాగింది. ముక్క ఊడి బల్ల మీద పడింది. లోపల మూడు రంగులు గిర్రున తిరుగుతున్నాయి.

ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆమె ఇంకో ముక్క కోసింది. ఇంకోటి. నన్ను కోయనివ్వలేదు.

వొవెన్లో నీలం కాస్తా నెమలి మెడ రంగుకి తిరిగింది. "దీపావళి భూచక్రాలు గదా ఇవి" అన్నారు మామయ్య, రెండు చేతుల్లో రెండు పట్టుకుని. అత్తమ్మ నాలుగు తిన్నది. నాలుగోది తినేటప్పుడు అంచులు ముందు కొరికి, నడిమి సుడి ఆఖరికి ఉంచుకుంది. ఆ రాత్రి నేను రూఫస్‌కి ఆ సుడి సంగతి మూడుసార్లు చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నానికి ఆమె మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంది.

రెండు రోజులు గంజి తప్ప ఏమీ నిలవలేదు. నేను గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుంటే, "నీ తప్పేం లేదులే మే" అంటుంది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. వెన్న డబ్బా చదివాను, చక్కెర ప్యాకెట్ చదివాను, సగ్గుబియ్యం ఒక్కో గింజా చూశాను. ఎక్కడా గోధుమ లేదు. ఆ రెండు పొద్దులూ రూఫస్‌కి లెక్క చెప్పలేదు. అతనూ అడగలేదు.

మూడో రోజు సాయంత్రం గుంటల నుంచి వచ్చి మెట్ల మీద కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "మాకూ ఇట్టనే అవుతాది. నీళ్ళు బాగుంటాయి, మేత బాగుంటాది, రొయ్య మాత్రం చస్తా ఉంటాది. అప్పుడు మేం ఒకటే అడుగుతాం. వల ఏ గుంటలోంచి తెచ్చినారు?"

నేను చెంబు అక్కడే పెట్టేసి స్కూటీ తీశాను.

ముత్యాలయ్య మర మూసే వేళ. పిండి రాలే గుడ్డ గొట్టాన్ని దులుపుతున్నాడు. అరచేత్తో కొట్టినప్పుడల్లా లేత గోధుమ రంగు పొగ లేచి, అతని మీసం మీద, కనుబొమ్మల మీద వాలుతోంది. ఆ రోజు వరసలో నా ముందున్న డబ్బా నాకు గుర్తొచ్చింది. చపాతీ పిండికి తెచ్చిన గోధుమలు. నేను ఎంతో మర్యాదగా దాని వెనక నిలబడ్డాను. కాలేజీ ల్యాబులో మూడేళ్ళు, ఒక పళ్ళెంలోది ఇంకోదాంట్లో కలవకుండా తీగ కొసని మంట మీద కాల్చి మరీ వాడినదాన్ని.

విషయం చెప్పాను. ముత్యాలయ్య మొహం మాడ్చుకున్నాడు.

"అంటే నా మర మురికిదా? మా నాయన కాలం నుంచి ఆడిస్తా ఉండాం. ఒకరన్నా మాట అనలేదు."

"మురికని కాదు అన్నా. కారానికి నువ్వు వేరే మర ఎందుకు పెట్టినావు?"

"బియ్యప్పిండిలో కారం కలిస్తే నోరు మండదా?"

"అత్తమ్మకి గోధుమ అట్టనే. కడుపులో మండుద్ది."

అతను గుడ్డ గొట్టం దులపడం ఆపాడు. కాసేపు దాన్నే చూశాడు.

"అయితే ఇన్నాళ్ళూ ఆయమ్మ ఇడ్లీ రవ్వ, అరిసెల పిండి, అంతా..." అని ఆగిపోయాడు. తర్వాత మీసం తుడుచుకుని, లైటు పట్టుకుని వెనక గదిలోకి నడిచాడు. "ఇట్ట రామ్మా."

గోనె సంచుల కింద పాత మర ఒకటుంది. ఏళ్ళ తరబడి తిరగలేదు. మోటారు ఒకటే, బెల్టు ఒకటే. ఈ మరకి బెల్టు తగిలిస్తే ఆ మర ఆగాలి. మంగళవారం ఎటూ బేరం ఉండదని, ఆ రోజు బెల్టు దీనికి మారుస్తానన్నాడు. రాళ్ళు కొత్తవి వేయించాడు, గుడ్డ కొత్తది కుట్టించాడు. బయట పలక మీద సుద్దముక్కతో రాశాడు: మంగళారం ఒట్టి బియ్యం. ఎలిశబెతమ్మ గారి కోసరం.

అత్తమ్మ ఆ పలక సంగతి విని నెత్తి కొట్టుకుంది. "నా కడుపు కత ఊరంతా బోర్డు పెట్టిస్తివి గదా మే."

ఆ మంగళవారం మొదటి పిండి మాదే. మళ్ళీ చుట్టాం, దారంతో కోశాం, కాల్చాం. పళ్ళెం ముందు పెడితే అత్తమ్మ చెయ్యి చాపలేదు. నేనూ తినమనలేదు. చివరికి ఒక్కటి తీసుకుని సగం విరిచి తిన్నది. ఆ సాయంత్రం, మర్నాడంతా ముగ్గురం ఏదో పని ఉన్నట్టు ఆమె చుట్టూనే తిరిగాం. మామయ్య గంటకోసారి "ఎట్టుంది?" అని అడిగేవారు. "మీరు అడిగినప్పుడల్లా నొప్పి పుడతా ఉంది" అందామె.

గురువారం పొద్దున లేచేసరికి పెరట్లో బియ్యం కడుగుతూ ఏదో పాట సన్నగా అంటోంది. మిగిలిన సగం కనబడలేదు. పళ్ళెంలో ఇంకో మూడు కూడా లేవు.

"యాభై నాలుగు" అన్నాను రూఫస్‌తో. చెయ్యి చాపాడు.

నా సంబరం కొద్దీ ఆ పొద్దే ఒక చిన్న స్టీలు డబ్బా నిండా చక్రాలు సర్ది అత్తమ్మకి చూపించాను. "ఇది మీ సంచిలో ఉంటది అత్తమ్మా. పాటలకి పోయిన చోట ఇవి తినొచ్చు."

ఆమె డబ్బా మూత పెట్టి నా చేతికే ఇచ్చింది. "వాళ్ళింటికి పోయి, వాళ్ళ పళ్ళెం పక్కకి జరిపి, నా డబ్బా నేను తీసుకుని తినేదా? ఊరికే ఉండేదానికంటే అది ఇంకా కాని పని గదా."

పది రోజులుగా నేను ఆమె ఆకలి గురించి ఆలోచిస్తున్నాను. ఆమెకి ఆకలి ఎప్పుడూ లేదు.

తర్వాతి మంగళవారం మళ్ళీ మరకి వెళ్ళాను. ఈసారి వరస ఉంది. ఏడెనిమిది డబ్బాలు, అన్నీ తడి బియ్యమే. మంగళవారం పిండి మెత్తగా పడుతోందని ముత్యాలయ్య ఊరంతా చెప్పుకున్నాడు. నా ముందు డబ్బా పెట్టి నిలబడింది ఎవాంజెలిన్ గారు. నన్ను చూసి మొహం తిప్పుకుంది, మళ్ళీ నా వైపు తిప్పింది.

"ఏందంట, మీ అత్త తినే భూచక్రాలు?"

చెప్పాను. సగ్గుబియ్యం గంజి దగ్గరికొచ్చేసరికి, "ఎంత పల్చన?" అంది. పాల కవర్ల దగ్గర, "నూనె పుయ్యాలా?" అంది. దారం దగ్గర రెండు చేతులూ గాల్లో తిప్పి లాగి చూసుకుంది.

"మా ఇంట్లో మీ మాదిరి పెట్టె లేదు."

"కుక్కర్లో ఇసుక పోసి కాల్చొచ్చు. మూత మీద గ్యాస్కెట్, విజిల్ తీసేసి."

"ఇసుకకేం కరువు" అంది, సముద్రం వైపు గడ్డం ఎత్తి. తన వంతు రాగానే డబ్బా నింపించుకుని వెళ్ళిపోయింది. అది నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రూఫస్‌కి మాత్రం చెప్పాను. రూఫస్‌కి చెప్పనిది ఏదీ అప్పటికి నా దగ్గర లేదు.

మర్నాడే పదిహేడో తారీకు. సాయంత్రం, పొద్దింకా ఉండగానే చర్చి ముందు అందరూ చేరారు. మామయ్య కొత్త చొక్కా వేసుకుని ఇంట్లోంచే గొంతు సవరిస్తున్నారు. ఆ సవరింపు వినే పాపం అత్తమ్మ రెండుసార్లు లేచి కూర్చుంది. అప్పుడొచ్చింది ఎవాంజెలిన్ గారు, గేటు దాకా. లోపలికి రాలేదు.

"వదినా."

అత్తమ్మ బయటికి వెళ్ళింది.

"మొదటిల్లు మాది. మీ ఆయన ఎత్తితే నా గోడలు నిలబడవు. వచ్చి పాట ఒకటి ఎత్తిపో. తినమని నేనేం అడగను."

అత్తమ్మ లోపలికొచ్చి చీర మార్చుకుంది. "ఒక్క ఇల్లే" అని మాకందరికీ వేరు వేరుగా చెప్పింది.

ఎవాంజెలిన్ గారి ముందుగదిలో ముప్పై మందిమి ఇరుక్కుని నిలబడ్డాం. మా ఊళ్ళో ముందు పలారం, ఆ తర్వాతే పాట; పాడాక ఆగరు, పక్కింటికి కదలాలి. కేకు పళ్ళెం అటునుంచి తిరిగి వస్తోంది. అత్తమ్మ గోడకి ఆనుకుని, దాని రాక చూడనట్టు, కిటికీలోంచి బయటికి చూస్తోంది. పళ్ళెం ఆమె దాకా రాలేదు. ఎవాంజెలిన్ గారు దాన్ని మధ్యలోనే ఆపి, లోపలికి వెళ్ళి ఇంకో పళ్ళెంతో వచ్చింది. దాని మీద కొత్త గుడ్డ కప్పి ఉంది.

"మంగళారం పిండి" అంది. "కుక్కరు మా చెల్లెలు కొత్తది కొనుక్కుంటే అడిగి తెచ్చినా. పళ్ళెం కొత్తది. రెండు రోజులుగా ఇంట్లో చపాతీ లేదు, ఆయన గొణుగుతానే ఉండాడు." గుడ్డ తీసింది. "బాగా రాలేదు."

నిజంగానే బాగా రాలేదు. చుట్టు సరిగా బిగియక చక్రాలు ఒక పక్కకి సాగి, నత్తల్లా ఉన్నాయి. బీట్‌రూట్ ఎక్కువై కుంకుమ రంగు తిరిగాయి. అడుగున కొన్ని మాడాయి.

అత్తమ్మ ఆ పళ్ళెం వైపు చాలాసేపు చూసింది. నేను రూఫస్ మణికట్టు పట్టుకున్నాను. మంగళవారం నుంచి బుధవారం సాయంత్రం దాకా ఆ వంటింట్లో ఇంకేం జరిగి ఉంటుందో ఎవరికి తెలుసు? కుక్కరు కడిగిన నీళ్ళు, గుడ్డ ఆరేసిన దండెం, ఎవరో మర్చిపోయిన గరిటె. ఆమెకీ అవన్నీ తోచే ఉంటాయి, నాకంటే ముందు.

పెద్దది ఒకటి చూసి తీసుకుంది. విరవలేదు. అంచులు కొరకలేదు. మొత్తం నోట్లో పెట్టుకుంది.

"సగ్గుబియ్యం ఇంకొంచెం ఉడకాల" అంది, బుగ్గ నిండా పెట్టుకునే.

"చెప్పినదెవరు? నీ కోడలు గదా. గుంటూరు కొలతలు చెప్పింది నాకు."

"అది నెల్లూరు పిల్ల."

"టౌనోళ్ళంతా ఒకటే."

అత్తమ్మ ఇంకోటి తీసుకుంది. ఎవాంజెలిన్ గారు పళ్ళెం దించలేదు, ఆమె ముందే పట్టుకుని నిలబడింది. మూడోది కూడా తీసుకుంది. నోట్లో ఉండగానే డోలక్ మొదలైంది. ఒక వరస వాయించి పాట కోసం ఆగింది. ఎవరూ అందుకోలేదు. రెండో వరస వాయించి మళ్ళీ ఆగింది. మామయ్య చొక్కా కాలరు సర్దుకుని, ఛాతీ నింపి, నోరు తెరిచారు.

అత్తమ్మ చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపింది. రెండో చేత్తో నోరు మూసుకుంది. నమలడం అయ్యేదాకా, తొందరేమీ లేకుండా, ముప్పై మందినీ అలాగే నిలబెట్టింది.